రోటరీ సంఘము - రెండు చుక్కల మందు

పదిమంది పెద్దమనుష్యులు వారమున కొకసారి కూడి, విందారగించి, ఉపన్యాసములు విని యిండ్లకు బోవుటయే క్లబ్బని మన సోదరీమణులలో ననేకులు తలచుచుందురు. అట్టి క్లబ్బులును లేకపోలేదు. కాని పట్టినపట్టు విడువని యొక క్లబ్బువలన మన బిడ్డలకు గలిగిన మేలును, ఆ క్లబ్బే చాలకాలము స్త్రీలకు తలుపు మూసియుంచిన వైనమును గూడ మనము తెలిసికొనదగియున్నది. అది రోటరీ క్లబ్బు.

1905 ఫిబ్రవరి 23వ తేదీన అమెరికాలోని చికాగో నగరమున పాల్ హారిస్ అను న్యాయవాది మువ్వురు మిత్రులతో గూడి దీనిని స్థాపించెను. సభ్యులు వంతులవారీగా నొక్కొక్కరి కార్యాలయమున గూడుచుండుటచే దీనికి రోటరీ యను పేరు కలిగెను. పరోపకారమునకై వీరు మొదట జేపట్టినది గొప్ప భవనమేమియు గాదు; నగరమున ప్రజలకు మరుగుదొడ్లు కట్టింపవలయునని 1907లో పూనుకొనిరి. మన దేశమున మొదటి రోటరీ క్లబ్బు కలకత్తాలో వెలసెను. అందలి సభ్యుడగు నితీశ్ చంద్ర లాహరీ 1962లో అంతర్జాతీయ రోటరీకి అధ్యక్షుడై, ఆసియాఖండమునుండి యా పదవి నందినవారిలో ప్రథముడయ్యెను.

ఇక పోలియో సంగతి. ఈ వ్యాధి నోటిద్వారా ప్రవేశించి, ప్రేవులలో వృద్ధిపొంది, కొందరిలో నరములకు సోకును. సుమారు 200 మందిలో నొకరికి కాళ్లు చేతులు శాశ్వతముగా చచ్చుబడును. వచ్చినపిదప మాన్పు మందు లేదు. రాకుండ జేయుటకు మాత్రము నాలుకపై వేయు రెండు చుక్కలు కలవు. 1979లో ఫిలిప్పీన్ దీవులలో 60 లక్షల పిల్లలకు మందు వేయించు పనికి రోటరీవారు పూనుకొనిరి. 1985లో ఈ వ్యాధిని లోకమునుండియే తరుముదుమని వ్రతము పట్టి, 12 కోట్ల డాలర్లు కూర్తుమని చెప్పి, 1988 నాటికి 24 కోట్లకు పైగా గూర్చిరి. ఆ సంవత్సరమే ప్రపంచ ఆరోగ్య సంస్థాదులు వీరితో జేరెను. అప్పటికి 125 దేశములలో ఏటేట మూడున్నర లక్షల మంది దీనిపాలగుచుండిరి.

మన దేశమున 1995లో పల్స్ పోలియో ప్రారంభమయ్యెను. 2009లో సైతము 741 మందికి వ్యాధి సోకినది. 2011 జనవరి 13న హౌరా జిల్లాలో నొక పసిబాలికకు వచ్చినదే కడపటిది. 2014 మార్చి 27న మన దేశము పోలియోరహితమని ధ్రువపడినది. ఇది యొక్క క్లబ్బు చేసిన పని కాదు. మంచుతో నింపిన పెట్టె భుజమున దగిలించుకొని గడపగడపకు దిరిగి, చుక్కలు వేసి, చిటికెనవ్రేలిపై సిరాగుర్తు పెట్టినవారిలో స్త్రీలే యనేకులు. సందేహించు తల్లికి నచ్చజెప్పగలిగినది మరియొక తల్లియే గదా!

అయినను, ఆ వ్రతము పట్టిన 1985లో రోటరీయందు స్త్రీలకు సభ్యత్వము లేదు! కాలిఫోర్నియాలోని డ్వార్టే క్లబ్బువారు 1977లో మువ్వురు స్త్రీలను జేర్చుకొనగా, మరుసటియేట నా క్లబ్బునే వెలివేసిరి. వారు వెనుదీయక న్యాయస్థానముల కెక్కిరి. 1987లో అమెరికా సుప్రీంకోర్టు వారిపక్షమున తీర్పుచెప్పెను. ఆ యేడే సిల్వియా విట్లాక్ అను ప్రధానోపాధ్యాయిని డ్వార్టే క్లబ్బునకు అధ్యక్షురాలై, రోటరీ క్లబ్బు నధ్యక్షించిన మొదటి స్త్రీగా ఖ్యాతి గాంచెను. 1989లో నియమమే మారెను. 2022లో కెనడా దేశస్థురాలు జెన్నిఫర్ జోన్స్ అంతర్జాతీయ రోటరీకి ప్రథమ మహిళాధ్యక్షురాలయ్యెను.

ఆఫ్గనిస్తాన్, పాకిస్తాన్ దేశములలో నీ వ్యాధి యింకను బొత్తిగా నశింపలేదు. ఎచ్చటనో మిగిలియున్నంతవరకు మన పసివారికి చుక్కలు మానరాదు. మన యూళ్లలోని మహిళాసంఘములకు మేము చేయు మనవి యొక్కటే: వార్షికోత్సవమునకు పది పనులు జాబితా వ్రాయుటకంటె, ఒక్క పని పట్టి, అది తీరువరకు విడువకుండుడు. ఆ పనిలో శ్రమించువారికి సభలో కూర్చుండు స్థానమును గూడ నిండు.