డిస్నీ పార్కులలో క్యూ తప్పించే పాసులు

క్యూ తప్పించే పాసు అంటే వినోద పార్కులలో రైడు ముందున్న సాధారణ వరుసలో నిలబడకుండా, వేరే మార్గం గుండా త్వరగా లోపలికి వెళ్ళడానికి ఇచ్చే అనుమతి. అమెరికాలోని డిస్నీ పార్కులలో ఇది 1999లో ఫాస్ట్‌పాస్ అనే ఉచిత సౌకర్యంగా మొదలై, 2021లో పూర్తిగా డబ్బు చెల్లించి పొందవలసిన సేవగా మారింది. ఈ సొమ్ము పార్కు ప్రవేశ రుసుముకు అదనం.

నేపథ్యం

కాలిఫోర్నియాలోని ఆనహైములో డిస్నీల్యాండ్ 1955 జూలై 17న ప్రారంభమైంది. అక్కడ చాలాకాలం రైడులకు విడి టిక్కెట్లు ఉండేవి. వాటిని క్రమంగా ఏ, బీ, సీ, డీ, ఈ అనే అయిదు తరగతులుగా విభజించి, చిన్న పుస్తకాలుగా కుట్టి అమ్మేవారు. అన్నిటికంటే ఖరీదైన అయిదవ తరగతి టిక్కెట్టు 1959లో వచ్చింది. మంచి రైడుకు ఎక్కువ ధర ఉండేది గానీ, ఆ ధర చెల్లించిన వారందరూ ఒకే వరుసలో నిలబడేవారు. మన పాత సినిమాహాళ్ళలో నేల, బెంచీ, కుర్చీ తరగతుల తేడా కూర్చునే చోటుకే పరిమితమైనట్లు, ఇక్కడి తేడా రైడుకే పరిమితం. 1982లో ఈ పుస్తకాలను తొలగించి, ఒకే ప్రవేశ టిక్కెట్టుతో అన్ని రైడులూ ఎక్కే పద్ధతిని స్థిరపరిచారు. దానితో పేరున్న రైడుకు ధర అనే అడ్డు తొలగి, నిరీక్షణే అసలు ధర అయింది.

ఉచిత ఫాస్ట్‌పాస్

సందర్శకుడు తన ప్రవేశ టిక్కెట్టును రైడు దగ్గరున్న యంత్రంలో పెడితే, ఏ గంటలో తిరిగి రావాలో ముద్రించిన చీటీ వచ్చేది. ఆ వ్యవధిలో వస్తే చిన్న వరుసలో వెళ్ళవచ్చు. ఈలోగా అతడు భోజనం చేయవచ్చు, దుకాణాలలో వస్తువులు కొనవచ్చు. సంస్థకు లాభించిన విషయం కూడా ఇదే. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో 2014 నాటికి కాగితం చీటీల స్థానంలో ఫాస్ట్‌పాస్ ప్లస్ వచ్చింది. డిస్నీ హోటళ్ళలో దిగేవారు 60 రోజుల ముందు, ఇతరులు 30 రోజుల ముందు రోజుకు మూడు రైడులను ఎంచుకోగలిగేవారు. డబ్బు అడగకపోయినా, ప్రణాళిక వేసుకునే ఓపిక ఉన్నవారికే ఇందులో మేలు జరిగేది.

రుసుము పాసులు

వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో 2021 అక్టోబరు 19న రోజుకు 15 డాలర్ల ధరతో జీనీ ప్లస్ మొదలైంది. ఉచిత పాసు తిరిగి రాలేదు. అత్యంత ఆదరణ గల కొన్ని రైడులను ఇందులో చేర్చక, విడిగా అమ్మారు. తరువాత రద్దీని బట్టి ధర మారసాగింది. 2024 జూలైలో దీనికి లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ అని పేరు మార్చారు. అదే సంవత్సరం అక్టోబరులో వచ్చిన ప్రీమియర్ పాస్‌కు సమయం కేటాయింపు కూడా అక్కరలేదు. ప్రారంభంలో దాని ధర ఫ్లోరిడాలో పార్కును, తేదీని బట్టి 129 నుండి 449 డాలర్లు. నలుగురున్న కుటుంబానికి ఇది ఏ పాటి భారమో చెప్పనక్కరలేదు.

క్యూ లెక్క

పాసు వలన రైడులో ఒక్క కుర్చీ కూడా పెరగదు. గంటకు 1,500 మందిని ఎక్కించుకునే రైడును ఊహించండి. ఒకే వరుస ఉంటే, ముందు 500 మంది ఉన్న వ్యక్తి వంతు 20 నిమిషాలలో వస్తుంది. గంటకు 1,000 చోట్లు పాసుదారులకు కేటాయిస్తే సాధారణ వరుసకు మిగిలేవి 500. అదే వ్యక్తి ఇప్పుడు గంటసేపు నిలబడాలి. వరుస పొడవు మారలేదు, కదలిక మందగించింది. వరుసను చూసి సమయాన్ని అంచనా వేసే కొత్తవారు పొరపడేది ఇక్కడే.

పాసులు లేకపోతే ఆ పాసుదారులు కూడా ఇదే వరుసలో ఉండేవారు కదా అనే ప్రశ్న సహజం. నిజమే. అప్పుడు వరుస పొడవుగా ఉండేది, వేగంగా కదిలేది, ఆలస్యాన్ని అందరూ సమానంగా పంచుకునేవారు. మరొక చిక్కు కూడా ఉంది. పాసు చేతిలో ఉన్న వ్యక్తి ఖాళీగా కూర్చోడు, ఈలోగా వేరొక రైడు వరుసలో చేరతాడు. అంటే ఒకే మనిషి ఏకకాలంలో రెండు వరుసలలో ఉన్నట్లు లెక్క.

వివాదాలు

శారీరక, మానసిక కారణాల వలన వరుసలో నిలబడలేని వారికి డిస్నీ ప్రత్యేక సౌకర్యం కల్పించేది. కొందరు ధనికులు వికలాంగులను అద్దెకు తెచ్చుకుని ఆ దారిలో వెళుతున్నారని 2013లో పత్రికలలో వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో సంస్థ పద్ధతి మార్చి, అప్పటి నిరీక్షణను బట్టి తిరిగి రావలసిన సమయాన్ని ఇవ్వసాగింది. కొందరి మోసానికి నిజంగా అవసరమున్నవారు ఇబ్బందిపడ్డారు. రాజనీతి తత్వవేత్త మైకేల్ శాండెల్ 2012లో ప్రచురించిన తన గ్రంథంలో, వరుసక్రమం స్థానాన్ని ధర ఆక్రమించడానికి ఇటువంటి పాసులను ఉదాహరణగా చూపాడు.

తెలుగు ప్రాంతాలలో

2016లో హైదరాబాదు శివార్లలో ప్రారంభమైన వండర్‌లా పార్కులో ఫాస్ట్‌ట్రాక్ టిక్కెట్లు అమ్ముతారు. తిరుమలలో ఉచిత సర్వదర్శనంతో పాటు 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం కూడా ఉన్నది. దైవదర్శనాన్ని వినోదంతో పోల్చలేము గానీ, క్యూ లెక్క రెండు చోట్లా ఒకటే.

పాసు కొనకుండా

పార్కు తెరిచే వేళకు ముందే ద్వారం వద్ద ఉండి, పేరున్న రైడుకు నేరుగా వెళ్ళడం అన్నిటికంటే ఫలించే పద్ధతి. ఊరేగింపులు జరిగే సమయంలో కూడా రద్దీ కొంత తగ్గుతుంది. కొన్ని రైడులలో ఒంటరి ప్రయాణికులకు వేరే వరుస ఉంటుంది. జట్టుల మధ్య మిగిలిన కుర్చీలలో వారిని కూర్చోబెడతారు. పసిపిల్లలున్న తల్లిదండ్రులలో ఒకరు రైడు ఎక్కి వచ్చేవరకు రెండవవారు బిడ్డతో ఆగి, ఆ తరువాత మళ్ళీ పెద్ద వరుసలో నిలబడకుండా వెళ్ళవచ్చు. దీనికి రుసుము లేదు, కాని రైడు దగ్గరున్న సిబ్బందికి ముందుగా చెప్పాలి.