పొట్టి వరి, వంగిన నడుము

నర్సీపట్నము నుండి నాథవరము వైపు పోవు త్రోవలో, తాండవ కాలువ నీరు మడులకెక్కి దమ్ము ముగిసిన పిమ్మట, మోకాలి లోతు బురదలో వరుసగా వంగి ఉడుపులు ఉడుచు స్త్రీలకు, చేతిలోని నారు ఏ పరిశోధనాస్థానమున పుట్టినదో తెలియకపోవచ్చును గాని, ఆ వరి ఎంత ఎత్తెదుగునన్నది మాత్రము వారి నడుములకు మిక్కిలి సంబంధించిన విషయము.

1966లో ఫిలిప్పైన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనాసంస్థ విడుదల చేసిన ఐ.ఆర్. 8, ఇండోనేషియా పొడుగురకమైన పేటాకును తైవాను పొట్టిరకమైన డీ-జియో-వూ-జెన్‌కును పుట్టిన వంగడము. ఆ పొట్టిరకపు జన్యువొకదానిలోని లోపముచే కాండమును సాగదీయు జిబ్బరెలిన్ తక్కువగా తయారగును. అందుచే ఎరువు హెచ్చుగా వేసినను పైరు పడిపోదు, సారము కంకికి చేరును. మన మారుటేరు పరిశోధనాస్థానము నుండి 1982లో వెలువడిన స్వర్ణ కూడ పొట్టి వరియే. ఈ మేలును తక్కువచేయుట నాకు సమ్మతము కాదు: అందరికిని వడ్డించి కడపట కూర్చుండు ఇల్లాలి కంచములో మెతుకులు మిగులుట చిన్న విషయమా?

అయితే పొడుగు వరి తన నీడతోనే కలుపును అణచెడిది. పొట్టి వరి మడిలో వెలుగు నేల వరకు దిగుటచే, ఎరువు రుచిమరిగిన ఊదయు తుంగయు పైరుతో పోటీపడి లేచును. ఆ కలుపును పెరుకుట స్త్రీల పనియే కదా. కూలికి దిగునామెకు ఆ దినములు చేతికందు పైకము. సొంతమడిలో దిగునామెకు ఏ పద్దునకు నెక్కని శ్రమ. తరువాత కలుపుమందు వచ్చినది. రెండవయామె నడుమునకు విశ్రాంతి దొరకినది, మొదటియామెకు కూలిదినములు తగ్గినవి. సమాన వేతన చట్టము 1976లోనే వచ్చినది, కాని పనియే లేనప్పుడు సమానత దేనికి? పైగా మందుకు మాడిన కలుపుతో, సాయంత్రము పశువునకై ఆమె తలపై మోసికొనిపోవు పచ్చిగడ్డి మోపును మాయమగును.

ఇక విత్తనము సంగతి: స్వర్ణ వంటి శుద్ధవంశపు వరి నుండి మరుసటేటికి విత్తనము తీసి గాదెలో దాచుట ఇల్లాలికి సాధ్యమే. సంకరవిత్తనమైనచో ఏటేట కొనవలసినదే, బేరము పురుషుని చేతికి పోవును.

పొట్టితనమును విడువకయే, తొలి నెలలో త్వరగా పిలకలు వేసి ఆకులు పరచి నేలను కప్పు గుణమును ప్రజననశాస్త్రజ్ఞులు వెదకుచున్నారు. దిగుబడిని తూచినట్లే దానిని కూడ ప్రతి వంగడమునందును కొలువవలెనని నా కోరిక. ఏ మడిలో రెండవసారి కలుపునకు దిగవలసి వచ్చినదో, ఉడిచిన చేతులనడిగిన చెప్పగలవు.