హైడెఫినిషన్ కామ్‌కార్డర్ ఫుటేజీని ఎడిటింగుకు సిద్ధం చేయడం

కెమెరాతో చిత్రీకరించడం ఎలాగో ఇంతకుముందు పాఠాల్లో చదివారు. కార్డులోకి చేరిన దృశ్యాన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేరుకు అరిగే రూపంలోకి ఎలా మార్చాలి, అసలు మార్చాల్సిన అవసరం ఎప్పుడు వస్తుంది, మార్చేటప్పుడు ఏం పోగొట్టుకునే ప్రమాదం ఉంది అనేవి ఈ పాఠంలో తెలుసుకుంటారు. మూడో విషయం మీద ఎక్కువ సేపు ఆగుతాను. అందుకు నా స్వంత కారణం ఒకటి ఉంది.

రామన్నపేట మండలంలోని సిరిపురం చేనేతకు పేరున్న ఊరు. పోచంపల్లి పేరుతో దేశమంతా తెలిసిన ఇక్కత్ నేత, 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ నేత, ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటిదీ. 2010లో కొందరు విద్యార్థులతో కలిసి అక్కడ ఒక ఇంట్లో ఆసు పోయడం చిత్రీకరించాం. ఆసు అంటే మీలో కొందరికి తెలిసే ఉంటుంది. చిటికి కట్టి రంగులు అద్దడానికి ముందు, పేక నూలును అర్ధవలయంగా బిగించిన మేకుల చుట్టూ చేత్తో అటూ ఇటూ తిప్పి పోయాలి. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు తిరగాలి. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి పడే ఈ కష్టం చూసే లక్ష్మి ఆసు యంత్రాన్ని తయారు చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మేము చిత్రీకరించింది మాత్రం యంత్రం లేని పాత పద్ధతి. డెబ్బై ఏళ్ళు దాటిన ఒక అవ్వ గంటసేపు ఆసు పోస్తూ, మధ్యమధ్యలో ఆగి ఒక్కో కదలికా చెప్పింది.

ఆ రాత్రే నేను ఒక ఉచిత సాఫ్ట్‌వేరులో ఆ ఫైళ్ళను మార్చాను. అది చూపించిన అమరికలను చదవకుండానే ఒప్పుకున్నాను. మర్నాడు వేరే చిత్రీకరణ ఉంది కాబట్టి కార్డు ఖాళీ చేశాను. నాలుగేళ్ళ తర్వాత చేనేత మీద పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి వచ్చి, ఒక్కో మేకు దగ్గర బొటనవేలు నూలును ఎలా తిప్పుతుందో, ఎన్ని పోగులు పడుతున్నాయో చూడాలంది. ఫైలు తెరిచాం. కదిలే చెయ్యి ఉన్న ప్రతిచోటా ఒక చెయ్యికి బదులు రెండు మసక చేతులు కనబడ్డాయి. పోగులు లెక్కపెట్టడం కుదరలేదు. అవ్వ అప్పటికే లేదు. తప్పు కెమెరాది కాదు, సాఫ్ట్‌వేరుదీ కాదు, నాది. ఆ రెండు చేతులు ఎక్కడి నుంచి వచ్చాయో ఈ పాఠం చివరికి మీకు తెలుస్తుంది.

కార్డులో ఏముంటుంది

2006లో సోనీ, పానసోనిక్ కంపెనీలు కలిసి ఏవీసీహెచ్‌డీ అనే విధానాన్ని ప్రకటించాయి. ఇళ్ళలో, పెళ్ళిళ్ళలో కనిపించే చాలా హెచ్‌డీ కామ్‌కార్డర్లు దీన్నే వాడాయి. కార్డు తెరిస్తే 'ప్రైవేట్' అనే ఫోల్డరు, దానిలో 'ఏవీసీహెచ్‌డీ', దానిలో 'బీడీఎంవీ', దానిలో 'స్ట్రీమ్' ఉంటాయి. ఈ చివరి ఫోల్డరులోనే 00000, 00001 అనే పేర్లతో ఎంటీఎస్ ఫైళ్ళు కనిపిస్తాయి. దృశ్యం వీటిలోనే ఉంది కదా అని చాలామంది వీటిని మాత్రమే కాపీ చేసుకుంటారు. అలా చేయకండి. పక్క ఫోల్డర్లలోని చిన్న చిన్న ఫైళ్ళలో ఏ ముక్క ఏ ముక్కకు కొనసాగింపో రాసి ఉంటుంది.

ఈ కొనసాగింపు సంగతి ఏమిటంటే, 32 జీబీ వరకు ఉండే ఎస్‌డీ కార్డుల్లో వాడే ఫ్యాట్32 పద్ధతిలో ఒక ఫైలు 4 జీబీకి మించకూడదు. సెకనుకు 24 మెగాబిట్ల వేగంతో రికార్డు చేస్తే 20 నిమిషాలు దాటిన కొద్దిసేపటికే ఆ హద్దు వస్తుంది. కెమెరా మిమ్మల్ని అడగకుండానే ఆ ఫైలు ముగించి ఇంకొకటి మొదలుపెడుతుంది. కొన్ని కెమెరాలు 2 జీబీకే తెంపుతాయి. ఇలా తెగిన ముక్కలను విడివిడిగా మార్చి తర్వాత పక్కపక్కన పెడితే, అతుకు దగ్గర కొన్ని ఫ్రేములు పోతాయి, మాట మధ్యలో చిన్న గతుకు వినిపిస్తుంది. అందుకే ముందు ముక్కలను యథాతథంగా ఒకదాని వెనుక ఒకటి అతికించి, ఆ తర్వాతే మార్చాలి. కెమెరాతో ఇచ్చిన సాఫ్ట్‌వేరు ఈ పని చేస్తుంది. దానికి మొత్తం ఫోల్డరు కావాలి.

కంప్యూటర్ ఎందుకు తడబడుతుంది

గంట ఫుటేజీ సైజు లెక్క చూద్దాం. 1920 గుణకం 1080 చుక్కల ఫ్రేము, సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో చుక్కకు 2 బైట్లు అనుకుంటే సెకనుకు దాదాపు 104 ఎంబీ, గంటకు 373 జీబీ అవుతుంది. కార్డులో అదే గంట 10.8 జీబీలో ఇమిడిపోతుంది (24 మెగాబిట్లంటే సెకనుకు 3 ఎంబీ, గంటకు 3,600 సెకన్లు). ఇంత సంపీడనం ఎలా సాధ్యమైంది?

కిరాణా దుకాణంలో ఖాతా పుస్తకం చూశారు కదా. నెల మొదట్లో మీ పాత బాకీ మొత్తం ఒకసారి రాస్తారు. తర్వాత రోజూ కిలో పప్పు ఇంత, నూనె ఇంత అని మార్పులు మాత్రమే రాస్తారు. పుస్తకం పలుచగా ఉంటుంది. కానీ పదిహేడో తారీఖున బాకీ ఎంత అని అడిగితే షావుకారు మొదటి నుంచి కూడుకుంటూ రావాలి. కార్డులో ఉండే హెచ్.264 సంపీడనం పద్ధతి ఇదే. అర సెకనుకో, అంతకు కాస్త అటూ ఇటూగానో ఒక పూర్తి ఫ్రేము ఉంటుంది. మధ్యవన్నీ మార్పుల పద్దులే. పైగా కొన్ని ఫ్రేములు తర్వాత రాబోయే ఫ్రేము మీద కూడా ఆధారపడతాయి. రేపటి పద్దు చూసి ఇవాళ్టి బాకీ చెప్పడం లాంటిది, ఏ షావుకారూ ఒప్పుకోడు.

వరసగా చూసేటప్పుడు ఇది ఇబ్బంది కాదు. ఎడిటింగులో మీరు వెనక్కి వెళ్తారు, మధ్యలో తెంపుతారు, ఒకేసారి రెండు మూడు దృశ్యాలు పేరుస్తారు. ప్రతిసారీ కంప్యూటర్ మొదటి పద్దు దాకా వెళ్ళి కూడుకుని రావాలి. చిత్రం ఆగి ఆగి కదలడానికి కారణం ఇదే.

మార్చాలా, వద్దా

వెంటనే మార్చాలని తొందరపడకండి. హెచ్.264ను విప్పే ఏర్పాటు ఉన్న ఈనాటి ప్రాసెసర్లు, గ్రాఫిక్స్ కార్డులు ఈ ఫైళ్ళను నేరుగా నడిపించగలవు. ఒక ముక్కను టైమ్‌లైన్ మీద పెట్టి ముందుకూ వెనక్కీ జరిపి చూడండి. సాఫీగా సాగితే ఈ పాఠంలో సగం మీకు అక్కర్లేదు.

చిత్రం అసలు తెరుచుకోకపోతే అడ్డంకి సంపీడనం కాకపోవచ్చు, పైనున్న సంచి కావచ్చు. లోపలి సరుకును ముట్టుకోకుండా సంచి మాత్రం మార్చడాన్ని రీర్యాపింగ్ అంటారు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఈ పనిని నిమిషాల్లో చేస్తుంది. నాణ్యతలో రవ్వంత కూడా తగ్గదు. చిత్రం కనిపించి శబ్దం మాత్రం రాకపోతే, ఆడియో డాల్బీ ఏసీ-3 రూపంలో ఉందేమో చూడండి. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు దాన్ని చదవలేవు. ఆడియో ఒక్కదాన్నే 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ల పీసీఎంలోకి మార్చితే చాలు, గంటకు 700 ఎంబీ కూడా కాదు.

కంప్యూటర్ నిజంగానే మోయలేకపోతే రెండు దారులు. ఒకటి, ప్రతి ఫ్రేమునూ పూర్తిగా రాసే మధ్యంతర కోడెక్‌లోకి మార్చడం. ఎవిడ్ వారి డీఎన్ఎక్స్‌హెచ్‌డీ, యాపిల్ వారి ప్రోరెస్ ఇటువంటివి. సెకనుకు 25 ఫ్రేముల హెచ్‌డీకి ఇవి సుమారు 120 మెగాబిట్లు తీసుకుంటాయి, అంటే గంటకు 54 జీబీ. మూడు గంటల పెళ్ళి 32 జీబీ నుంచి 162 జీబీకి పెరుగుతుంది. సైజు పెరిగింది కాబట్టి స్పష్టత పెరిగిందనుకోవద్దు. కెమెరా పారేసిన వివరం ఏ కోడెక్‌తోనూ తిరిగి రాదు. రెండోది ప్రాక్సీ. తక్కువ సైజు నకళ్ళతో ఎడిటింగ్ అంతా చేసుకుని, చివరి ఎగుమతి సమయంలో అసలు ఫైళ్ళను వాడమని సాఫ్ట్‌వేరుకు చెప్పడం. చిన్న ల్యాప్‌టాప్ ఉన్న విద్యార్థికి నేను చెప్పేది ప్రాక్సీయే. హార్డ్‌డిస్కు ఖర్చు మిగులుతుంది, అసలు ఫైళ్ళను పారేయాలనే ఆలోచన కూడా రాదు.

హ్యాండ్‌బ్రేక్ లాంటి సాఫ్ట్‌వేర్లతో ఎంపీ4గా మార్చుకుని ఎడిట్ చేసేవారు ఉన్నారు. అది చూడటానికి పనికొచ్చే రూపం. మళ్ళీ అదే ఖాతా పుస్తకం, పైగా నాణ్యత ఒక మెట్టు దిగి ఉంటుంది.

రెండు చేతుల సంగతి

మన దేశపు టీవీ ప్రమాణం సెకనుకు 25 ఫ్రేములు. చాలా కామ్‌కార్డర్లు ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా తీస్తాయి. సరి గీతలు ఒక సగం, బేసి గీతలు ఇంకో సగం. వీటిని ఫీల్డులు అంటారు. రెండు ఫీల్డుల మధ్య సెకనులో 50వ వంతు తేడా ఉంటుంది. గోడ కదలదు కాబట్టి గోడకు ఇబ్బంది లేదు. ఆసు పోసే చెయ్యి మాత్రం ఆ కాస్త సమయంలోనే కొంత జరిగిపోతుంది. కంప్యూటర్ తెర మీద రెండు సగాలనూ కలిపి చూపితే అంచులు దువ్వెన పళ్ళలా కనబడతాయి.

ఆ పళ్ళను పోగొట్టడాన్ని డీఇంటర్‌లేసింగ్ అంటారు. అందులో అన్నిటికంటే నాసి పద్ధతి, రెండు సగాలనూ కరిగించి ఒకటి చేయడం. అప్పుడు చెయ్యి రెండు చోట్లా మసగ్గా పడుతుంది. నేను చదవకుండా ఒప్పుకున్న అమరిక అదే. మంచి పద్ధతి ఒక్కో ఫీల్డు నుంచి ఒక్కో పూర్తి ఫ్రేము కట్టి సెకనుకు 50 ఫ్రేములు ఇస్తుంది. అలా చేసి ఉంటే ఆ గంటలో 1,80,000 బొమ్మలు ఉండేవి, పోగులు లెక్కపెట్టగలిగేవాళ్ళం. అసలు ఫైళ్ళు ఉంచుకుని ఉంటే ఈ రోజైనా చేయగలిగేవాణ్ణి. మధ్యంతర కోడెక్‌లోకి మార్చేటప్పుడు ఇంటర్‌లేస్ ఉన్నది ఉన్నట్టే ఉంచండి, హెచ్‌డీలో పై ఫీల్డు ముందు వస్తుందని సాఫ్ట్‌వేరుకు సరిగా చెప్పండి. పాత డీవీ టేపులకు కింది ఫీల్డు ముందు. రెండూ కలిపి వాడేటప్పుడు ఇక్కడే పొరపాటు జరుగుతుంది.

ఇంకో చిక్కు, కొన్ని కెమెరాలు 25 పూర్తి ఫ్రేములనే తీసి, వాటిని 50 ఫీల్డుల రూపంలో దాస్తాయి. సాఫ్ట్‌వేరు పేరు చూసి ఇంటర్‌లేస్ అనుకుంటుంది. కదలిక ఉన్నచోట పళ్ళు కనిపించకపోతే డీఇంటర్‌లేస్ జోలికి వెళ్ళకండి, ప్రోగ్రెసివ్ అని గుర్తు పెట్టండి.

అమెరికాలో ఉన్న బంధువులు తెచ్చిన కెమెరాలు మన ఊళ్ళలో చాలా ఉన్నాయి. అవి సెకనుకు 29.97 ఫ్రేములు లేదా 60 ఫీల్డులు తీస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైటు వెలుగులో దృశ్యం మిణుకుమంటుంది. షట్టరును సెకనులో 50వ లేదా 100వ వంతుకు పెడితే చాలావరకు తగ్గుతుంది. రెండు రకాల కెమెరాలతో తీస్తే, ఏది ఎక్కువ ఉందో దాని ప్రకారం టైమ్‌లైన్ పెట్టుకోండి. మార్పిడి దశలో ఫ్రేముల వేగాన్ని మాత్రం ముట్టుకోకండి.

పని చేసే వరస

కార్డు మొత్తాన్ని, ఫోల్డర్లతో సహా, రెండు వేర్వేరు డిస్కుల్లోకి కాపీ చేయండి. ఒకే డిస్కులో రెండు ఫోల్డర్లు పెడితే అది రెండు కాపీలు కాదు. అసలుకూ నకలుకూ ఎండీ5 అనే సరిపోలిక సంఖ్యను లెక్క కట్టించండి, రెండూ ఒకటైతేనే కాపీ సరైంది. అప్పటిదాకా కార్డును తాకకండి. తెగిన ముక్కలను అతికించండి. తర్వాత కదలిక బాగా ఉన్న ఒక్క నిమిషాన్ని ఎంచుకుని మార్చి, ఫ్రేము ఫ్రేముగా చూడండి. శబ్దం పెదవులతో కలుస్తోందా అనేది ముక్క చివర చూడాలి, తేడా ఉంటే అక్కడే బయటపడుతుంది. బాగుంటేనే మిగతాది.

మొత్తం మార్పిడిని రాత్రి పెట్టి పడుకునేవారు కరెంటు సంగతి గుర్తుంచుకోవాలి. మూవ్, ఎంపీ4 ఫైళ్ళకు విషయసూచిక సాధారణంగా చివర్లోనే రాయబడుతుంది. మధ్యలో కరెంటు పోతే 50 జీబీ ఫైలు ఉంటుంది కానీ తెరుచుకోదు. యూపీఎస్ లేకపోతే ఫుటేజీని చిన్న చిన్న వంతులుగా మార్చండి, ఒక వంతు పోయినా మిగతావి దక్కుతాయి.

అభ్యాసం

మీ ఊళ్ళో చేత్తో చేసే ఏదైనా పనిని, కుమ్మరి సారె గానీ మగ్గం గానీ, 10 నిమిషాలు చిత్రీకరించండి. మీ కెమెరా బిట్‌రేటు 17 మెగాబిట్లు అనుకుంటే కార్డులో ఎన్ని జీబీలు పడుతుందో, 120 మెగాబిట్ల కోడెక్‌లోకి మార్చితే ఎంత అవుతుందో ముందే కాగితం మీద లెక్క వేసి, తర్వాత నిజమైన ఫైళ్ళతో పోల్చండి. వేగంగా కదిలే ఒక క్షణాన్ని ఫ్రేము ఫ్రేముగా జరిపి, చెయ్యి ఒకటే కనిపిస్తోందో రెండు కనిపిస్తున్నాయో మీ నోటుపుస్తకంలో రాసి సంప్రదింపు తరగతికి తీసుకురండి.