ఉప్పునీటి తొట్టెకు సముద్రం పక్కనే ఉండక్కర్లేదు

మైలవరంలో ఎవరైనా ఇంట్లో పగడాల తొట్టె పెడతానంటే వినేవాళ్లు ముందడిగే ప్రశ్న ఒకటే: నీళ్లెక్కడివి? సహజమైన ప్రశ్నే. కొండపల్లి కొండలకు ఎగువన, మెట్ట నేల మీద ఉన్న ఊరది. బెజవాడ దాటి, బందరు దాటి మంగినపూడి తీరం చేరాలంటే నూరు కిలోమీటర్ల పైమాటే. కానీ ఈ తొట్టె కథను మొదటి నుంచి చూస్తే ఒక సంగతి తేటగా కనబడుతుంది. దీన్ని సముద్రపు ఒడ్డున ఉన్నవాళ్లు కనిపెట్టలేదు. ఒడ్డుకు దూరంగా నగరంలో ఉన్నవాళ్లు, ఆ దూరాన్ని దాటడానికి కనిపెట్టారు. ఆ తర్వాత దానికి చేరిన ప్రతి పరికరమూ సముద్రం చేసే ఏదో ఒక పనిని తన నెత్తికెత్తుకున్నదే. కాబట్టి మైలవరంలో సముద్రం ఎంత దూరమని లెక్క వేసుకోవడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు. సముద్రం చేసే పనుల్లో ఇక్కడ చేయించడానికి ఏది కష్టమో చూసుకోవాలి. నా లెక్కలో ఉప్పు సంపాదించడం అన్నిటికంటే తేలిక, వేడిని ఆపడం అన్నిటికంటే కష్టం.

1846లో అన్నా థిన్ అనే ఆమె ఇంగ్లండు దక్షిణ తీరంలోని టార్కీ నుంచి బతికున్న రాతిపగడాలను జాడీలో పెట్టుకుని లండన్ తీసుకువెళ్లింది. భర్త వెస్ట్‌మినిస్టర్ అబేలో మతాధికారి. లండన్‌లో సముద్రపు నీరు సులువుగా దొరికేది కాదు, అందుకని ఉన్న నీటినే బతికించాలి. పనిమనిషి రోజూ తెరిచిన కిటికీ దగ్గర నిలబడి అరగంటకు పైగా ఆ నీటిని ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి ఎత్తి పోసేది. గాలి తగిలి ఆక్సిజన్ కరిగేది. ఈ కథలో మొదటి ఏరేటర్ ఆ పనిమనిషి చేతులే. మరుసటి ఏడు తొట్టెలో సముద్రపు నాచు చేర్చాక ఆ శ్రమ తగ్గింది. 1850లో రాబర్ట్ వారింగ్టన్ మొక్కకూ చేపకూ నత్తకూ మధ్య కుదిరే సమతూకాన్ని రసాయన శాస్త్రవేత్తగా వివరించాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో మొదటి బహిరంగ అక్వేరియం తెరిచారు. ఫిలిప్ హెన్రీ గాస్ ఆ మరుసటి ఏడు రాసిన పుస్తకంతో ఈ సరదా ఇంగ్లండంతా పాకింది. అయితే యంత్రం కోణంలో చూస్తే వీళ్లందరికంటే నాకు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ పెద్దవాడిగా కనిపిస్తాడు. 1871లో క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియం కట్టినప్పుడు అతను జనం చూసే తొట్ల కింద, వాటికంటే కొన్ని రెట్లు పెద్దదైన చీకటి జలాశయం పెట్టి, ఆవిరి యంత్రంతో నీటిని పైకీ కిందికీ తిప్పాడు. చీకటిలో నాచు పెరగదు. పెద్ద నీటిరాశి తొందరగా వేడెక్కదు, తొందరగా పాడవదు. ఈనాడు పగడాల తొట్టె కింద బీరువాలో కూర్చునే సంపు లాయిడ్ జలాశయపు చిన్న రూపమే.

ఉప్పు సంగతి తేల్చింది చాలెంజర్ నౌక. 1872 నుంచి 1876 వరకు ప్రపంచ సముద్రాలు తిరిగి ఆ నౌక తెచ్చిన నీటి నమూనాల్లో 77ను విలియం డిట్‌మార్ విశ్లేషించి 1884లో ఫలితం ప్రకటించాడు. సముద్రాన్ని బట్టి మొత్తం ఉప్పు హెచ్చవచ్చు, తగ్గవచ్చు. అందులోని సోడియం, క్లోరైడ్, మెగ్నీషియం, కాల్షియం వంటి ప్రధాన లవణాల నిష్పత్తి మాత్రం దాదాపు ఎక్కడైనా ఒకటే. నిష్పత్తి తెలిస్తే సముద్రపు నీటిని కలుపుకోవచ్చు. 1960లలో డబ్బాల్లో అమ్మకానికి వచ్చిన కృత్రిమ సముద్రపు ఉప్పుకు ఆధారం ఇదే. లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున, 200 లీటర్ల తొట్టెకు మొదట ఏడు కిలోలు చాలు. నెలకు ఐదో వంతు నీళ్లు మారిస్తే కిలోన్నర లోపే ఖర్చవుతుంది. ఇంత ఖర్చెందుకు, బందరు నుంచి ట్యాంకరు తెప్పిస్తే పోదా అనే వాదన వినిపిస్తుంది. అది చవకగా కనబడే పొరపాటు. కృష్ణ సముద్రంలో కలిసే చోట నీరు ఒండ్రుతో మసకగా ఉంటుంది, వరదల కాలంలో ఉప్పదనం పడిపోతుంది, డ్రెయిన్లు పొలాల ఎరువుల అవశేషాలను మోసుకొస్తాయి. మన డెల్టా తీరంలో పగడపు దిబ్బలు పెరగనిది ఈ కారణాల వల్లే. అవి మన్నార్ సింధుశాఖలో, అండమాన్‌లో, లక్షద్వీపాల్లో, కచ్ సింధుశాఖలో ఉన్నాయి. పగడం పెరగని నీటిని నూరు కిలోమీటర్లు మోసుకొచ్చి పగడానికి పోయడం ఏ లెక్కనా సరికాదు. ఉప్పు కలిపే మంచినీళ్ల విషయంలోనే జాగ్రత్త కావాలి. బోరు నీరు పనికిరాదు. ప్లాంటు నుంచి వచ్చే క్యాను నీళ్లు కూడా తాగడానికి మంచివే గాని పగడానికి చాలవు. ఆర్‌వో తర్వాత అయాన్లను పట్టేసే రెసిన్ గొట్టం గుండా పంపి, టీడీఎస్ మీటరు సున్నా చూపించాకే ఉప్పు వేయాలి. లేకపోతే మిగిలిన ఫాస్ఫేటు, సిలికా నాచుకు మేతవుతాయి.

తర్వాతి పని మలినం. చేప వదిలే అమోనియా కొద్దిపాటిదైనా విషమే. మురుగునీరు ఇసుక, సుద్దల గుండా నెమ్మదిగా దిగితే అందులోని అమోనియా నైట్రేటుగా మారేది సూక్ష్మజీవుల వల్లనేనని 1877లో ష్లోజింగ్, మ్యూంట్జ్ ఫ్రాన్స్‌లో చూపించారు. 1890 ప్రాంతంలో విన్‌గ్రాడ్‌స్కీ ఆ బాక్టీరియాను విడదీశాడు. తొట్టెలో రాళ్లు, ఇసుక అందం కోసం పెట్టినవి కావు, ఈ బాక్టీరియాకు ఇళ్లు. కైకలూరు చెరువుల మీద బతికే రైతుకు ఈ పాఠం కొత్తగా చెప్పనక్కర్లేదు. అమోనియా కిట్టు, ప్రోబయోటిక్కు, జియోలైటు, సెలైనిటీ చూసే రిఫ్రాక్టోమీటరు అతని చేతిలో రోజూ మెసిలేవే. కృష్ణా డెల్టాలో ఈ విద్య పెట్టుబడి పెట్టి నేర్చుకున్నవాళ్లు ఊరూరా ఉన్నారు. సరదాగా తొట్టె పెట్టేవాళ్లు వాళ్లనడిగి నేర్చుకోవడంలో తప్పు లేదు. రొయ్యల చెరువులో పెద్దగా కనిపించని పరికరం మాత్రం ఇక్కడొకటుంది, అది ప్రోటీన్ స్కిమ్మర్. 1960లలో జర్మనీలో ఎర్విన్ జాండర్ దీన్ని ఇంటి తొట్టెలకు తెచ్చాడు. నిలువు గొట్టంలో సన్నని బుడగలు పైకి, నీరు కిందికి ఎదురెదురుగా పోతాయి. కరిగి ఉన్న జిడ్డు, ప్రోటీన్లు బుడగల పైపొరకు అతుక్కుని నురగై పైగిన్నెలో చేరతాయి. మంగినపూడిలో అల విరిగిన చోట నిలిచే నురగకు కారణమూ ఇదే. మంచినీటిలో బుడగలు త్వరగా కలిసిపోయి పెద్దవవుతాయి. ఉప్పునీటిలో సన్నగానే నిలుస్తాయి. అందుకే ఈ పరికరం ఉప్పునీటికే బాగా పనిచేస్తుంది. మలినం కుళ్లి అమోనియాగా మారకముందే దాన్ని నీటి నుంచి బయటికి లాగే ఉపాయం కనుక, పగడాల తొట్టె చరిత్రలో దీనికి మించిన మలుపు లేదని నా అభిప్రాయం.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. 1961లో జకార్తాలో లీ చిన్ ఎంగ్ యంత్రాలేవీ లేకుండా, దిబ్బ నుంచి తెచ్చిన లైవ్ రాక్, ఎండ, కాసిన్ని గాలి బుడగలతో పగడాలు పెంచి చూపించాడు కదా, మనకెందుకీ హంగామా? ఎంగ్ సాధించినది నిజం. సూక్ష్మజీవులతో నిండిన రాయే అసలు ఫిల్టరని తెలియజెప్పిన ఘనత అతనిదే. కానీ రాయి, నీరు, జీవాలు అన్నీ చేతికందే ఉష్ణమండల తీరంలో ఉన్నాడతను. ఆ ప్రకృతిని తీరానికి దూరంగా నిలబెట్టాల్సి వచ్చినప్పుడు 1970ల చివర బెర్లిన్‌లో డీట్రిష్ స్ట్యూబర్, ఆయన తోటివాళ్లు ఎంగ్ రాయినీ జాండర్ స్కిమ్మర్‌నూ జతచేసి, పైన బలమైన దీపం పెట్టి, సున్నపు తేటతో కాల్షియం అందించారు. రాతిపగడాలు ఇళ్లలో పెరిగి కొమ్మలు వేసింది ఆ పద్ధతిలోనే. మైలవరం పరిస్థితి బెర్లిన్‌కు దగ్గర, జకార్తాకు దూరం. పైగా ఇక్కడ తొట్టె మీద ఎండ పడితే వెలుతురు కంటే ముందు వేడి చేరుతుంది.

ఆ వేడే అసలు చిక్కు. పగడాలకు 25 నుంచి 27 డిగ్రీల నీరు హాయి. అలవాటైన వేసవి గరిష్ఠానికి ఒకటి రెండు డిగ్రీలు మించి వారాల తరబడి సాగితే లోపలి పాచిని వదిలేసి తెల్లబోతాయి. మేలో 45 డిగ్రీలు తాకే నేల మనది. వేడి నీటిలో ఆక్సిజన్ కూడా తక్కువే కరుగుతుంది. దీనికి మొదటి మందు ఆవిరి. ఒక లీటరు నీరు ఆవిరైతే 200 లీటర్ల తొట్టె దాదాపు మూడు డిగ్రీలు చల్లబడేంత వేడిని తీసుకుపోతుంది. గాలి పొడిగా ఉంటేనే ఇది సాగుతుంది. ఈ ఒక్క విషయంలో సముద్రానికి దూరంగా ఉండటమే మైలవరానికి లాభం. బందరు ఉక్కపోతలో అంత ఫలితమివ్వని చిన్న ఫ్యాను ఇక్కడ వడగాలి రోజుల్లో బాగా పనికొస్తుంది. ఆవిరైన మేరకు మంచినీళ్లే పోయాలి, ఉప్పు ఎక్కడికీ పోదు గనక. తొలకరి పడి గాలిలో తేమ పెరిగాక ఫ్యాను చాలదు, చిల్లర్ కావాలి. చిల్లర్ నీటిలోంచి లాగిన వేడిని గదిలోకే వదులుతుంది. దాన్ని బయట పెట్టే ఏర్పాటు లేని చేపల గది తనను తానే వేడి చేసుకుంటుంది. అందుకే గది కింది అంతస్తులో, పడమటి గోడకు దూరంగా ఉండాలి. కరెంటు పోయినప్పుడు ముందు కొరవడేది ఊపిరి. రొయ్యల రైతు చెరువు గట్టున జనరేటరు ఎందుకు పెడతాడో, ఇంట్లో బ్యాటరీ గాలిపంపు అందుకే పెట్టాలి.

చివరి అభ్యంతరం న్యాయమైనది: ఇదంతా దిబ్బల్ని దోచుకోవడం కాదా? దోచుకుని చేస్తే అవును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో దిబ్బలు కట్టే పగడాలను 2001లో చేర్చారు. మన సముద్రాల నుంచి వాటిని తీయడం, అమ్మడం, కొనడం జైలు దాకా వెళ్లే నేరం. మన్నార్ నుంచి వచ్చిందంటూ ఎవరైనా రాయి ఇస్తే ముట్టుకోకూడదు; సిరామిక్ రాళ్లతో బాక్టీరియాను మొదటి నుంచి పెంచుకోవాలి. విదేశీ పగడానికి దిగుమతి పత్రాలు లేకపోతే వద్దనాలి. చేపల విషయంలో మార్గం ఇంకా సులువు, క్లౌన్‌ఫిష్‌ను తొట్లలోనే పుట్టించే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మన దేశంలోనే సాధించింది. ఇలా నడిచినప్పుడు ఈ యంత్రం దిబ్బలకు మేలే చేస్తుంది. లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో జేమీ క్రాగ్స్ బృందం వెన్నెల, ఉష్ణోగ్రత, పగటి నిడివి కంప్యూటర్‌తో నడిపి తొట్టెలోనే పగడాలు వేళకు గుడ్లు వదిలేలా చేసింది. 2019లో ఫ్లోరిడా అక్వేరియం ఆ బృందం సాయంతోనే, అట్లాంటిక్‌లో అంతరించిపోతున్న స్తంభ పగడంతో ప్రయోగశాలలో గుడ్లు పెట్టించింది.

పెట్టాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ముందు యంత్రాన్ని నిలబెట్టండి. అమోనియా, నైట్రైటు సున్నాకు దిగేదాకా, అంటే నెలా నెలన్నర, చేప వేయకండి. ఆ తర్వాత రెండు క్లౌన్‌ఫిష్‌లతో ఆగండి. ఒక పూర్తి వేసవి, దాని వెనక వచ్చే ఉక్క నెలలు గడిచి, నీరు 27 డిగ్రీలు దాటలేదని థర్మామీటరు చెప్పాకే, పత్రాలున్న పగడం కొనండి.