మీకు తెలుసా? గొట్టం పొడవు పెంచినా గుండు దూరం పెరగదు

పెయింట్‌బాల్ తుపాకీకి పొడవైన బ్యారెల్ బిగించినంత మాత్రాన రంగు గుండు మరింత దూరం పోదు. గుండు వేగం సెకనుకు 300 అడుగులు, అంటే సుమారు 91 మీటర్లు, మించరాదన్న పరిమితి ఆట మైదానాల్లో సాధారణంగా ఉంటుంది కనుక, ఒకే వేగానికి సర్దిన తుపాకీ నుంచి వెలువడే గుండు ఏ బ్యారెల్‌తోనైనా దాదాపు ఒకే దూరం చేరుతుంది.

ప్రారంభస్థాయి తుపాకీకి కొత్త బ్యారెల్ ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసింది బిగింపు మర. టిప్‌మన్ 98 మర గల తుపాకీకి ఆటోకాకర్ మర గల బ్యారెల్ నేరుగా ఎక్కదు. తరువాత చూడవలసింది బోరు, అనగా గొట్టపు లోపలి వ్యాసం. 0.68 అంగుళాల (సుమారు 17.3 మి.మీ.) గుండుగా వ్యవహరించే దాని పెంకు జెలటిన్‌తో తయారై గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక, కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో నైరుతి రుతుపవనాల నెలల్లో మూత తీసి ఉంచిన గుండ్లు ఉబ్బి, ఎండాకాలంలో సరిపోయిన బోరులోనే బిగుసుకొని పగిలే అవకాశముంది. తుపాకీ నుంచి విప్పిన బ్యారెల్ వెనుక కొసన ఉంచిన గుండు దానంతటది జారిపోక నిలిచి, నోటితో గట్టిగా ఊదగానే ముందుకు దూసుకొచ్చినట్లయితే ఆ బోరు ఆ గుండుకు తగినదని ఆటగాళ్లు నిర్ధారించుకుంటారు.