మౌస్ కదలికకు కంప్యూటర్ మేల్కొనకుండా చేయడం

స్లీప్ స్థితిలో కంప్యూటర్ తెర, ప్రాసెసర్ పని ఆపివేస్తాయి. ర్యామ్‌కు, మౌస్ ఉన్న యూఎస్‌బీ పోర్టుకు మాత్రం కొద్దిపాటి విద్యుత్తు అందుతూనే ఉంటుంది. అందుకే బల్ల కదిలి మౌస్ కాస్త జరిగినా చాలా కంప్యూటర్లు మేల్కొంటాయి. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఎండాకాలపు గాలివానకు కరెంటు పోయి కంప్యూటర్ యూపీఎస్‌పై ఉన్నప్పుడు ఇలా జరిగితే బ్యాటరీ త్వరగా అయిపోతుంది. ర్యామ్‌లో మాత్రమే ఉన్న, సేవ్ చేయని మీ అసైన్‌మెంట్ పోతుంది.

దీని నివారణకు విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, 'మైస్ అండ్ అదర్ పాయింటింగ్ డివైసెస్' కింద మీ మౌస్ పేరుపై రెండుసార్లు క్లిక్ చేయండి. పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో 'అలౌ దిస్ డివైస్ టు వేక్ ద కంప్యూటర్' ఎదుట ఉన్న టిక్ తీసివేసి ఓకే నొక్కండి. కీబోర్డుకు ఆ టిక్ అలాగే ఉంచితే, ఏదైనా మీట నొక్కి కంప్యూటర్‌ను మేల్కొల్పవచ్చు. అయినా స్లీప్‌లో పెట్టే ముందు ఫైలు సేవ్ చేయడం మరవకండి.