నెక్స్ట్ ఫ్రైడే అంటే ఏ శుక్రవారం?



హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే ఒక యువకుడు రాత్రి షిఫ్టు ముగించుకొని మాదాపూర్‌లోని తన గదికి నడిచి వెళ్తుండగా వీధికుక్క పిక్క మీద కరిచింది. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పావుగంట కడుక్కున్నాడు. మంచి పని చేశాడు. ఆ మంగళవారం ఉదయమే మా ఓపీకి వచ్చి మొదటి టీకా వేయించుకున్నాడు.

"నెక్స్ట్ ఫ్రైడే రండి బాబూ" అన్నారు మా సిస్టర్. ఆమె ఉద్దేశం అదే వారంలో వచ్చే శుక్రవారం. అతడు ఆ పై వారం శుక్రవారం వచ్చాడు. "ఈ వారమైతే దిస్ ఫ్రైడే అనాలి కదా సిస్టర్, మా ఆఫీసులో అలాగే అంటాం" అన్నాడు. అతణ్ణి తప్పు పట్టలేము. ఇంగ్లీషు మాతృభాషగా గలవారికే ఈ మాట మీద ఏకాభిప్రాయం లేదు.

మాకు మాత్రం భయం వేసింది. రేబిస్ లక్షణాలు కనబడ్డాక బ్రతికేవారు దాదాపు ఉండరు. కండరానికి ఇచ్చే టీకా 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలోకి ఇచ్చేది 0, 3, 7, 28 రోజుల్లో వేయించుకోవాలి. లోతైన గాయానికి ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ మొదటి డోసుతోపాటే ఇవ్వాలి, ఏడు రోజులు దాటితే ఇవ్వరు. అతనికి అది మొదటి రోజే ఇచ్చాము గనుక సరిపోయింది. డోసు తప్పితే మళ్లీ మొదటినుండి మొదలుపెట్టనక్కరలేదు, వెంటనే వచ్చి మిగతావి కొనసాగిస్తే చాలు.

తెలుగులో చెబితే చిక్కు తీరేదా? "మూడో రోజు రండి" అంటే మనవాళ్లు ఈ రోజుతో కలిపి లెక్కపెట్టి గురువారమే వస్తారు. శుక్రవారం సిలువ, ఆదివారం పునరుత్థానం, దాన్ని మూడవ దినమనే చదువుతాము కదా! టీకా లెక్కలో మొదటి రోజు సున్నా. మంగళవారం మొదలైతే 3వ రోజు శుక్రవారం, 7, 14, 28 మళ్లీ మంగళవారాలే. మన "ఎల్లుండి" మాత్రం బంగారంలాంటి మాట.

అంకెల్లో రాసినా ఇబ్బందే. 05/06 అంటే మనకు జూన్ 5, అమెరికావారితో పనిచేసేవారికి మే 6. రాత్రి రెండు గంటలకు షిఫ్టులో ఉన్నవారికి "రేపు" ఎప్పుడో వారే చెప్పాలి.

అందుకే ఇప్పుడు చీటీ మీద వారం, తేదీ, నెల పేరు అక్షరాల్లో రాస్తున్నాము. మీరు తిరిగి చదివి చెప్పేదాకా సిస్టర్ చీటీ చేతికివ్వరు. ఆ యువకుడు మిగిలిన డోసులన్నీ ఆ చీటీ ప్రకారమే వేయించుకున్నాడు.